జెట్ పడవ ఇంజిన్ల పోలిక: ఇనుప వీ8, ఎల్‌ఎస్3, సూపర్‌చార్జర్ మూడు సిలిండర్లలో నిలిచేది ఏది?

ఏటిఎదురు

నా దగ్గర ఐదున్నర మీటర్ల అల్యూమినియం జెట్ పడవ ఉంది. అందులో నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్‌తో నడిచే 5.7 లీటర్ల షెవ్రొలే ఇనుప వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, గేర్‌బాక్స్ లేకుండా నేరుగా దానికి కలిపిన, నీటిని లోపలికి లాగి వెనక్కి చిమ్మే ఒకే దశ జెట్ పంపు ఉన్నాయి. ఈ మధ్య చేయించిన కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) పరీక్షలో రెండు సిలిండర్లు మిగతావాటికన్నా బాగా తక్కువ చూపించాయి. అయినా థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఇంజిన్ మునుపటిలాగే 4000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర నిలుస్తోంది.

ఇదే ఇంజిన్‌ను విప్పి బాగు చేయించాలా, ఎల్‌ఎస్3 తరహా 6.2 లీటర్ల అల్యూమినియం వీ8కు మారాలా, లేక సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న రోటాక్స్ మూడు సిలిండర్ల ఇంజిన్‌ను దాని పంపుతో సహా పెట్టించాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. కేటలాగులన్నీ గరిష్ఠ హార్స్‌పవర్‌నే పెద్ద అక్షరాలతో వేస్తాయి. నలుగురు మనుషులతో, గులకరాళ్లున్న లోతు తక్కువ ఏటిలో, గంటల తరబడి నడిపితే ఏది నిలుస్తుందో మాత్రం చెప్పవు. వాడినవారి మాట వినాలని ఉంది.

పెద్దబ్లాకు

ఈ మూడూ వద్దు. 7.4 లీటర్ల షెవ్రొలే 454 పెట్టించుకోండి. 1970లలో అమెరికా జెట్ పడవల్లో బర్క్‌లీ పంపుకు జోడీగా వచ్చినవి ఓల్డ్స్‌మొబైల్ 455, ఫోర్డ్ 460, షెవ్రొలే 454 ఇంజిన్లే. తక్కువ వేగంలోనే కావలసినంత టార్క్ ఇచ్చే ఇంజిన్‌కు ఎక్కువగా తిరగాల్సిన అవసరం రాదు, తక్కువగా తిరిగేది ఎక్కువ కాలం ఉంటుంది.

పంపుముందు

ఇంజిన్ల జోలికి వెళ్లే ముందు పంపు ఎంత అడుగుతుందో చూడాలి. జెట్ పంపు తీసుకునే శక్తి అది తిరిగే వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే ఆర్‌పీఎం పది శాతం పెంచాలంటే శక్తి 33 శాతం పెరగాలి. మీ ఇంపెల్లర్ (పంపులో నీటిని నెట్టే రెక్కల చక్రం) 4000 దగ్గర సుమారు 250 హార్స్‌పవర్ తీసుకుంటుందనుకుందాం. అదే ఇంపెల్లర్ 4400 దగ్గర 333, 4800 దగ్గర 432 అడుగుతుంది.

ఇప్పుడు ఎల్‌ఎస్3 సంగతి చూడండి. కారులో దాని గరిష్ఠ శక్తి 5900 ఆర్‌పీఎం దగ్గర 430 హార్స్‌పవర్, గరిష్ఠ టార్క్ 4600 దగ్గర సుమారు 575 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్‌ను బట్టి లెక్కగడితే 4600 దగ్గర ఆ ఇంజిన్ ఇవ్వగలిగేది 370 హార్స్‌పవర్ చిల్లర. మీ పంపు అదే వేగంలో 380 అడుగుతుంది. కాబట్టి ఇంజిన్ 4550 ప్రాంతంలో ఆగిపోతుంది. మీరు కొన్నది 430 అయినా నీటికి చేరేది 370 లోపే. మిగిలిన అరవై కావాలంటే పిచ్ (రెక్కల వాలు) తక్కువ ఉన్న ఇంపెల్లర్ వేసి, ఇంజిన్‌ను 5900 దగ్గర తిప్పుతూ ఉండాలి. పంపు అంత వేగంగా తిరుగుతూ పడవ మాత్రం నెమ్మదిగా ఉన్న క్షణాల్లో క్యావిటేషన్ (రెక్కల దగ్గర నీరు ఆవిరి బుడగలై పట్టు తప్పడం) భయమూ ఉంటుంది.

అందువల్ల నా దృష్టిలో పోల్చదగిన అంకె ఒక్కటే: మీ పంపు రేఖ, ఇంజిన్ శక్తి రేఖ కలుసుకునే చోట ఎంత శక్తి ఉంది, ఆ చోట ఇంజిన్ ఎంతసేపు నిబ్బరంగా ఉండగలదు.

తేలికపాటి

పెద్దబ్లాకు గారి టార్క్ వాదనను కాదనను గానీ, లోతు తక్కువ ఏటిలో బరువే మొదటి శత్రువు. 454 లాంటి ఇనుప పెద్ద బ్లాకు మూడు వందల కిలోలు దాటుతుంది, ఎల్‌ఎస్3 దాదాపు రెండు వందల దగ్గర ఉంటుంది. ఆ వంద కిలోలూ పడవ వెనుక భాగం మీదే పడతాయి.

అసలు జెట్ పడవ పుట్టిందే ఇలాంటి ఏళ్ల కోసం. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ 1950లలో ఈ పని మొదలుపెట్టింది కాంటర్బరీ ప్రాంతంలోని పాయలు పాయలుగా పారే లోతు లేని నదుల మీద నడవడానికే. అడుగుకింద ప్రొపెల్లర్ లేకుండా, నీటిని లోపలికి లాగి, నీటి మట్టానికి పైన నాజిల్‌లోంచి వెనక్కి చిమ్మడం వల్లే ఆ పడవలు రాళ్ల మీదుగా పోగలిగాయి. ఆ దారిలోనే 1960లో గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదికి ఎదురెక్కాయి. అయితే ఆ గుణమంతా పడవ నీటి మీద తేలిపోతూ ఉన్నంతసేపే. వేగం తగ్గి వెనుక భాగం కుంగితే, అప్పటివరకు దాటుకుంటూ వచ్చిన రాళ్లకే అడుగు తగులుతుంది. కనుక గరిష్ఠ వేగం కన్నా, నిండు బరువుతో నిలిచి ఉన్న పడవ ఎంత త్వరగా నీటి మీదికి లేస్తుందన్నదే నాకు పనితీరు.

పెద్దబ్లాకు

బరువు విషయంలో మీరన్నది నిజమే. కానీ నిలిచి ఉన్న పడవను పైకి లేపేది కూడా టార్కే కదా.

పంపుముందు

గేర్‌బాక్స్ లేని పడవలో ఆ తేడా అనుకున్నంత రాదు. థ్రాటిల్ తెరవగానే ఏ వీ8 అయినా క్షణంలోనే పంపు తనను ఆపే వేగానికి చేరుకుంటుంది, పడవ ఇంకా కదలక ముందే. అక్కడి నుంచి రెండు ఇంజిన్లలో ఏది ఎక్కువ శక్తి ఇస్తే దానిదే ఎక్కువ తోపు. అదే 4550 దగ్గర 454 కూడా 370 హార్స్‌పవర్ ఇవ్వగలిగితే రెండూ సమానమే, అప్పుడు మిగిలేది వంద కిలోల తేడా.

నూనెచుక్క

మన్నిక గురించి మరమ్మతు చేసేవాడిగా చెబుతాను. కారు సమంగా ఉన్న రోడ్డు మీద పోతున్నప్పుడు తన శక్తిలో చిన్న భాగమే వాడుకుంటుంది. జెట్ పడవ ఇంజిన్‌కు దిగుడు రోడ్డు ఉండదు, పంపు విడవకుండా లాగుతూనే ఉంటుంది. కారు ఇంజిన్ అలాగే తెచ్చి పడవలో పెట్టినవారు మొదట తెలుసుకునేది నూనె ఉష్ణోగ్రత గురించే. నూనెకు విడిగా కూలర్ లేని వీ8ను నేను ఏ జెట్ పడవకూ సిఫారసు చేయను.

రెండోది మలుపు. వేగంగా పోతున్న పడవను ఉన్నచోటనే గిర్రున తిప్పే హామిల్టన్ మలుపు మనలో చాలామందికి ఇష్టం. ఆ సమయంలో సంప్‌లోని (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోని) నూనె అంతా ఒక పక్క గోడకు ఎక్కుతుంది, పీల్చే గొట్టం గాలిని తాగుతుంది, బేరింగ్‌కు నూనె పొర తెగుతుంది. మా వద్దకు వచ్చిన ఒక ఎల్‌ఎస్ ఇంజిన్ బయటికి చక్కగానే నడుస్తోంది, శబ్దం కూడా లేదు. ఆయిల్ ఫిల్టర్ డబ్బాను కోసి, కాగితపు మడతలు విప్పి దీపం కింద పరిచాము. మడతల లోతుల్లో పుప్పొడిలా రాగి రంగు రేణువులు మెరుస్తున్నాయి. సంప్ దించి మెయిన్ బేరింగ్ చిప్పలు తీసి చూస్తే, పైనుండే బూడిద రంగు పూత సగం వెడల్పు మేర అరిగిపోయి కింది రాగి పొర బయటపడింది. మరికొంత కాలం అలాగే నడిపి ఉంటే క్రాంక్‌షాఫ్ట్ పోయేది. ఆ ఇంజిన్‌కు వచ్చింది తయారీ లోపం కాదు, మామూలు కారు సంప్‌తో పడవలో బిగించారు. లోపల అడ్డుగోడలూ ఒక వైపుకే తెరుచుకునే చిన్న తలుపులూ ఉన్న సంప్ పెడితే అదే ఇంజిన్ నిశ్చింతగా తిరుగుతుంది.

మూడోది, కారు స్టార్టర్‌ను, ఆల్టర్నేటర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పెట్రోల్ పడవలో పెట్టవద్దు. పడవల కోసం చేసినవాటిలో నిప్పురవ్వ బయటికి రాకుండా మూత ఉంటుంది. ఇంజిన్ గదిలో పేరుకునే పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, అది అడుగునే పడి ఉంటుంది.

మూడుసిలిండర్లు

వీ8ల మాటలోనే అందరూ ఉండిపోయారు. రోటాక్స్ 1630 ఏస్ 1.6 లీటర్ల మూడు సిలిండర్లతో 300 హార్స్‌పవర్ ఇస్తుంది, బరువు వీ8తో పోల్చదగింది కాదు. దాని శీతలీకరణ పూర్తిగా మూసి ఉన్న వలయం. నది నీరు సిలిండర్ గోడల దాకా రాదు, కూలెంట్ వేడి పడవ అడుగునున్న రైడ్ ప్లేట్ ద్వారా నీటికి పోతుంది. ఇసుక నీటిలో ఇది చిన్న మేలు కాదు. నేను దీన్ని తేలికపాటి పడవలో వాడుతున్నాను, నాకు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

నూనెచుక్క

మీ ఇంజిన్ మీద నాకు గౌరవమే ఉంది. కానీ పాతది కొనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇదే సంస్థ వారి మునుపటి 1.5 లీటర్ల 4-టెక్ సూపర్‌చార్జర్ ఇంజిన్లలో, తొలి ఏళ్ల వాటిలో, సూపర్‌చార్జర్ క్లచ్‌కు సెరామిక్ వాషర్లు ఉండేవి. అవి పగిలితే ముక్కలు ఇంజిన్ నూనెలోకే వెళతాయి. నిర్ణీత గంటలకు ఒకసారి సూపర్‌చార్జర్‌ను విప్పి బాగు చేయాలన్న నియమం అందుకే వచ్చింది. తర్వాత లోహపు వాషర్లు వచ్చాయి, 1630లో ఆ భాగం చాలా మెరుగుపడింది. వాడిన ఇంజిన్ కొంటున్నవారు ఏ ఏడాదిదో, లోపల ఏ వాషర్లున్నాయో కాగితాలతో సహా చూడకుండా తీసుకోకూడదు.

గులకరాయి

నాకు రోటాక్స్ ఇంజిన్ మీద ఫిర్యాదు లేదు, దాని పంపు మీద ఉంది. ఆ పంపు వ్యాసం 160 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఇంజిన్‌తో పాటు 8000 ఆర్‌పీఎం ప్రాంతంలో తిరుగుతుంది. తేలికైన పడవను లోతైన నీటిలో వేగంగా నడపడానికి అది అద్భుతమైన కూర్పు. నలుగురితో నిండిన ఐదున్నర మీటర్ల ఏటి పడవకు, ఎక్కువ నీటిని తక్కువ వేగంతో నెట్టే పెద్ద ఇంపెల్లర్ ఎక్కువ తోపు ఇస్తుంది. పైగా అంత వేగంగా తిరిగే సన్నని రెక్కల మీద గులకరాయి పడితే ఏమవుతుందో నా పాత పడవలో చూశాను. రెక్క అంచు వేలి గోరు మందాన చిట్లిపోయింది, ఆ తర్వాత నిలిచిన చోటు నుంచి కదిలేటప్పుడు ప్రతిసారీ పంపు గాలి మింగినట్టు అరిచేది.

మూడుసిలిండర్లు

గులకరాయి గారు చెప్పినది నిజమే. నా ఏరు ఇసుకది, గులకరాళ్లది కాదు. ఏటిఎదురు గారి బరువుకు ఇది సరిపోదని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఇంజిన్‌ను పెళుసైనదిగా లెక్కగట్టడాన్ని మాత్రం ఒప్పుకోను.

జంటఇంజిన్

సూపర్‌చార్జర్ వద్దనుకునేవారికి యమహా 1.8 లీటర్ల సహజ శ్వాస ఇంజిన్ ఉంది. నేను రెండు పెట్టుకున్నాను. ఒకటి ఆగితే రెండోదానితో ఇంటికి చేరవచ్చు. మన్నిక అంటే నాకు అదే.

గులకరాయి

లోతైన జలాశయంలో మీ మాట అక్షరాలా నిజం. లోతు తక్కువ ఏటిలో మాత్రం రెండు పంపులూ ఒకే రాళ్ల మీదుగా ఒకేసారి పోతాయి. ఒకదాన్ని అడ్డుకున్న రాళ్లే రెండోదాన్నీ అడ్డుకుంటాయి. ఒక ఇంజిన్‌తో పడవ నీటి మీదికి లేవలేకపోతే అది వెనక్కి తీసుకురావడానికీ పనికిరాదు.

చల్లనినీరు

యమహా వాడేవారు ఒక విషయం మరవకూడదు. అది తెరిచిన వలయం, నది నీరే నేరుగా ఇంజిన్ గుండా పోతుంది. ఒడ్డుకు చేరాక మంచినీటి గొట్టం పెట్టి కడగడం తప్పనిసరి. ఇంజిన్ ఆన్ చేశాకే నీరు తెరవాలి, నీరు కట్టేశాకే ఇంజిన్ ఆపాలి. వరుస తారుమారైతే ఎగ్జాస్ట్ గుండా నీరు సిలిండర్లలోకి చేరుతుంది.

వీ8ల విషయానికి వస్తే, జెట్ పడవలో చల్లబరిచే నీటిని పంపే ఇస్తుంది, విడిగా రబ్బరు చక్రపు పంపు అక్కర్లేదు. ఇది వరం, శాపం రెండూ. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒత్తిడి చాలదు, పూర్తి థ్రాటిల్‌లో గ్యాస్కెట్లు తట్టుకోలేనంత వస్తుంది. మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వ్, దానికి ముందు ఇసుకను పట్టే జల్లెడ లేకుండా నది నీటిని ఏ బ్లాకులోకీ వదలవద్దు. అల్యూమినియం బ్లాకుకైతే నేను హీట్ ఎక్స్‌చేంజర్‌తో మూసిన వలయమే అడుగుతాను. ఇనుప 5.7 మాత్రం నది నీటితోనే దశాబ్దాలు నడిచినవి కనిపిస్తాయి. విప్పి చూస్తే వెనుక సిలిండర్ల చుట్టూ సందుల్లో అంగుళం మందాన సన్న ఇసుక గట్టిపడి ఉంటుంది. మీ రెండు బలహీన సిలిండర్లు ఏవి?

ఏటిఎదురు

వెనుక జతవే, చల్లనినీరు గారు. జల్లెడ లేదు. మీరు చెప్పినది చదివాక నీటి మూతలు విప్పి సన్న తీగతో పొడిచాను, తీగ కొద్దిదూరమే వెళ్లి మెత్తగా ఆగిపోయింది.

గులకరాయి

అయితే ఇంజిన్ గురించి తేల్చుకునే ముందు ఒక్క కొలత తీయండి. స్థిరమైన ఇంపెల్లర్ ఉన్న జెట్ పడవలో టాకోమీటరే శక్తిని కొలిచే యంత్రం. పంపు ఆరోగ్యంగా ఉండి ఇంజిన్ బలహీనపడితే పూర్తి థ్రాటిల్ ఆర్‌పీఎం తగ్గాలి. ఇంజిన్ బాగుండి, ఇంపెల్లర్ అంచుకూ వేర్ రింగ్‌కూ (దాని చుట్టూ ఉండే, అరిగితే మార్చే వలయానికీ) మధ్య సందు పెరిగితే ఆర్‌పీఎం పెరగాలి, పడవ వేగం తగ్గాలి. మీకు రెండు సిలిండర్లు బలహీనపడినా ఆర్‌పీఎం తగ్గలేదు. అంటే పంపు కూడా అరిగి, రెండూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుతున్నాయన్న అనుమానం నాకు బలంగా ఉంది. ఆర్‌పీఎం సరే, నిండు బరువుతో వేగం మునుపటిలా ఉందా?

ఏటిఎదురు

వేగం తగ్గింది. మనుషులు ఎక్కువయ్యారనుకుని పట్టించుకోలేదు. ఇన్‌టేక్ గ్రేట్ (నీరు లోపలికి వచ్చే చోటి ఊచల జాలీ) తీసి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. సందు పైన ఒక మిల్లీమీటరు ఉంది, అడుగున రెండు మిల్లీమీటర్లు దాటింది. ఇంపెల్లర్ అంచులు చేతికి మొండిగా తగులుతున్నాయి.

పంపుముందు

గులకరాయి గారు సరిగ్గా పట్టుకున్నారు. ఒక మిల్లీమీటరు లోపు ఉండవలసిన సందు అడుగున రెండు దాటిందంటే, మీరు కొత్తగా పెట్టే ఏ ఇంజిన్ శక్తి అయినా కొంత అక్కడే వెనక్కి జారిపోతుంది. పైకీ కిందికీ తేడా ఉండడం వల్ల షాఫ్ట్ కుంగిందేమో, బేరింగ్ అరిగిందేమో కూడా చూడాలి. వేర్ రింగ్ మార్చి, ఇంపెల్లర్ అంచులు సరిచేశాక అదే పాత ఇంజిన్‌తో ఒకసారి నడిపి ఆర్‌పీఎం చూడండి. అది 3700కు పడిపోయిందనుకోండి, ఘనం లెక్కన మీ ఇంజిన్ ఇస్తున్నది 4000 దగ్గరి శక్తిలో సుమారు ఐదో వంతు తక్కువ, సుమారు 200 హార్స్‌పవర్. పోలికకు అప్పుడు మీకు గట్టి ఆధారం దొరుకుతుంది.

పెద్దబ్లాకు

ఇది నాకూ కొత్త ఆలోచనే. నా పడవ టాకోమీటరు ఈ కళ్లతో చూడాలి. పాత లాగ్‌బుక్ తీసి పోల్చి చూస్తాను.

డీజిల్‌మాట

డీజిల్‌ను ఎవరూ తలవలేదు కాబట్టి చెబుతున్నాను. రక్షణ పడవలు, గస్తీ పడవలు, పనివారి పడవలు జెట్ పంపులతో డీజిల్‌నే వాడతాయి, ఎందుకంటే రోజంతా ఒకే భారం మీద నడవడానికే ఆ ఇంజిన్లను నిర్మిస్తారు, పెట్రోల్ ఆవిరి ప్రమాదమూ ఉండదు. అయితే ఐదున్నర మీటర్ల పడవకు బరువు ఎక్కువ, టర్బో ఊపందుకునే ఆ కొద్ది క్షణాలు రాళ్ల మధ్య నుంచి లేవాల్సినప్పుడు చాలా పొడవుగా అనిపిస్తాయి. ఏడున్నర మీటర్లు దాటిన పడవ అయితే నేను వెనకాడకుండా డీజిల్ అనేవాడిని. ఇక్కడ అనను.

తేలికపాటి

నా ఓటు ఎల్‌ఎస్3కే. మీ ఇంపెల్లర్‌తోనే 4550 దగ్గర ఆగితే, అది గరిష్ఠ వేగానికి బాగా కిందే పని చేస్తుంది, తనను తాను కష్టపెట్టుకోదు. ఇంజక్షన్ ఉండడం వల్ల పడవ ఎగిరి, వాలి, గిర్రున తిరిగినా కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ ఊగి ఇంజిన్ తడబడటం ఉండదు. పంపు గాలి మింగి భారం ఒక్కసారిగా పోయినప్పుడు కంప్యూటరు వేగానికి పగ్గం వేస్తుంది. పాత ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్లు, వాల్వులు పోయేది ఎక్కువగా ఆ క్షణంలోనే.

చల్లనినీరు

నేను 5.7ను బాగు చేయించడానికే మొగ్గుతాను. సందుల్లోని ఇసుక కడిగించి, వెనుక సిలిండర్ల గోడలు కొలిపించి, జల్లెడ పెట్టుకుంటే ఆ ఇంజిన్‌లో ఇంకా చాలా జీవం ఉంటుంది. అది ఎవరి చేతికైనా అర్థమయ్యే ఇంజిన్, ఏటి మధ్యలో ఆగినా చిన్న పెట్టెలోని పనిముట్లతో కదిలించవచ్చు. ఎల్‌ఎస్3లో ఒక సెన్సర్ పోతే మీ దగ్గర ఇంకో సెన్సర్ ఉండాలి. దూరాలు పోయేవారికి మన్నికతో పాటు ఇదీ లెక్కే.

తేలికపాటి

ఆ సెన్సర్లు ఒక చిన్న సంచిలో పడతాయి. క్రాంక్, క్యామ్ సెన్సర్లు, ఒక కాయిల్, ఒక ఫ్యూయల్ పంప్ వెంట ఉంచుకుంటే చాలు.

ఏటిఎదురు

పంపును ముందు బాగు చేయించి, పాత ఇంజిన్‌తో కొలిచి చూస్తాను. ఆ కొలతలో ఇంజిన్ మరీ దిగజారిందని తేలితే ఎల్‌ఎస్3 వైపే వెళతాను, నూనెచుక్క గారు చెప్పిన సంప్, నూనె కూలర్‌తో, మూసిన వలయంతో. పాత షెవ్రొలేకు ఉన్న బెల్ హౌసింగ్ (ఇంజిన్ వెనుక బిగించే తొడుగు), పంపు షాఫ్ట్‌కు కలిపే కప్లింగ్ దానికి సరిపోతాయా?

షాఫ్ట్‌వరస

బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలు ఒకటి తప్ప అన్నీ పాత చిన్న బ్లాకువాటితో (మీ 5.7 లాంటివాటితో) కలుస్తాయి, ఆ ఒక్కటి వదిలేసి బిగించుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది క్రాంక్‌షాఫ్ట్ చివరి ఫ్లాంజ్ దగ్గర. ఎల్‌ఎస్‌లో అది పాతదానికన్నా పది మిల్లీమీటర్ల మేర ముందుకు, అంటే ఇంజిన్ లోపలి వైపుకు ఉంటుంది. పాత ఫ్లైవీల్, కప్లింగ్ వాడాలంటే ఆ మందపు స్పేసర్, పొడవైన బోల్టులు కావాలి. స్పేసర్ మధ్య రంధ్రం ఫ్లాంజ్ గట్టు మీద బిగుతుగా కూర్చోవాలి, బోల్టుల మీద ఆధారపడి మధ్యకు తేవాలని చూస్తే షాఫ్ట్ వణుకు పంపు ముందు బేరింగ్‌కు చేరుతుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు కూడా మారుతాయి. నీటితో చల్లబడేవి తీసుకునేటప్పుడు రైజర్ (ఎగ్జాస్ట్‌ను పైకి ఎత్తే గొట్టం) ఎత్తు చూసుకోండి, నీరు కలిసే చోటు సిలిండర్ హెడ్ కన్నా బాగా పైన ఉండాలి. వాల్వులు రెండూ కలిసి ఎక్కువసేపు తెరిచి ఉండే రేసు క్యామ్ వేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ క్యామ్ ఎగ్జాస్ట్‌లోని నీటిని వెనక్కి సిలిండర్లలోకి లాగుతుంది. ఇంజిన్ కొత్త మౌంట్ల మీద కూర్చున్నాక, పడవను నీటిలో దించి, పెట్రోల్ ట్యాంకు నింపి, అప్పుడు షాఫ్ట్ వరస మళ్లీ కొలవండి. అల్యూమినియం పడవ ట్రైలర్ మీద ఒక తీరుగా, నీటిలో ఇంకో తీరుగా వంగుతుంది.